వెనక పేజీ

మేడమ్, కొత్తగా వచ్చారు కదా,
ఆ పీట మీద కూర్చోండి, కుర్చీకి కాలు విరిగింది.
మా ఆయన కొమ్ము అరగదీస్తున్నాడు.
ఆ కాలిన వాసన మొదట్లో ముక్కు మూయిస్తుంది.
పర్లాకిమిడిలో మా వీధికి అదే చిరునామా.

మీ ఫారం నాకు కంఠతా వచ్చు.
గదులెన్ని, మరుగుదొడ్డి ఉందా, నెల రాబడి ఎంత,
పోలీసు కాగితం, ఇద్దరు సాక్షులు.
అన్నీ నింపాం. ఇల్లు పాసయింది.
గుంట గురించి మాత్రం ఒక్కటే వరస:
పేరు గురుబారి, వయసు ఆరు, ఆరోగ్యం బాగు.

ఆరన్నారు, ముందుపళ్లు ఊడి కొత్తవి కూడా దిగాయి.
బాగన్నారు, తలనిండా పుళ్లు.
ఆ రాత్రే మా ఆయన ఒక దువ్వెన కోశాడు,
సందులు వెడల్పుగా, మొనలు గుండ్రంగా,
అమ్మకానికి కాదు.
దాన్ని తలకి తగలనివ్వడానికి పదకొండు రోజులు పట్టింది.

జీపు సాయంత్రం ఐదున్నరకి వచ్చింది.
మీ ముందాయన సంతకాలు పెట్టించుకుని
ఐదూ నలభైకి వెళ్లిపోయాడు.
గేదెని కొన్నా అంతకన్నా ఎక్కువసేపు మాటాడతాం మేడమ్,
ఏం తింటుంది,
ఎటు పక్క నుంచుంటే తన్నుతుంది.

దీపం ఆర్పగానే ఒక మాట అనేది.
సవర మాట. మాకు రాదు.
నెమ్మదిగా, తప్పు చేసిన దానిలా
మళ్లీ మళ్లీ అదే.
తల్లిని పిలుస్తోందనుకున్నాను.
"వస్తాదమ్మా, మందులు మింగితే వస్తాది"
అని చీకట్లో వీపు నిమిరాను.
ఇరవై రెండు రాత్రులు.

సంతలో చీపుళ్లమ్మే ముసలమ్మ
కొండ దిగి వస్తుంది.
ఆ మాట ఆమె చెవిన వేస్తే
నవ్వింది, నవ్వు ఆపేసింది.
"దీపం ఆర్పొద్దు అంటంది. ఇంకేటి లేదు."

ఇంకేటి లేదు.
అడగని దానికి ఇరవై రెండు రాత్రులు జవాబు చెప్పానన్నమాట.

ఆ రోజు నుంచి సున్నా బల్బు వెలుగుతూనే ఉంది.
కరెంటు బిల్లు పెరిగింది, పెరగనీండి.
మీ డబ్బులు నాలుగు నెలలవీ ఒక్కసారే పడ్డాయి,
ఇదీ రాసుకోండి:
గుంటకి ఆకలి నాలుగు నెలలకోసారి వేస్తాదా?
కోమటి కొట్లో మా పేరు పక్కన పేజీ తిరిగిపోయింది.

ఎనిమిది నెలలకి తల్లి వచ్చింది
బరంపురం ఆస్పత్రి సంచీతో.
గుమ్మం దాటలేదు.
ఆమెదీ విరిగిన ఒడియా, నాదీ విరిగిన ఒడియా.
పచ్చసొన తినదు, అన్నాను.
తెలుసు, అంది.
ఎడమ చెప్పే ముందు వేసుకుంటుంది, అన్నాను.
తెలుసు.
నాకు కుళ్లూ వచ్చింది, హాయిగానూ ఉంది.

దీపం సంగతి అడిగాను.
చాలాసేపు దువ్వెనని చేతిలో తిప్పింది.
రాత్రుళ్లు దగ్గి దగ్గి ఆగిపోయేదాన్ని,
అంది.
ఉన్నానో లేదో చూడ్డానికి
పక్కన దీపం పెట్టుకుని కూర్చునేది.

అది వెళ్లేటప్పుడు వెనక్కి చూడలేదు. చూడకూడదు కూడా.
మా ఆయన మూడు రోజులు
పని లేకపోయినా కొమ్ము అరగదీస్తూ కూర్చున్నాడు.

ఇప్పుడు సోమవారం ఒక బాబు వస్తాడంటున్నారు.
సరే. కానీ సాయంత్రం జీపు పంపకండి.
పొద్దున్నే రండి, మధ్యాహ్నం దాకా ఉండండి,
అన్నం ఇక్కడే తినండి.
వాడి మాట తెలిసినవాళ్లని ఒకరిని తేండి.
ముసలమ్మనే తేండి, చీపుళ్లు అమ్మిన కూలి ఇవ్వండి.
మా కష్టం చెప్పుకోడానికి
వీధి చివర కంసాలి లక్ష్ముమమ్మ ఇల్లుంది,
ఆమె దగ్గరా ఇద్దరున్నారు.
నెలకోసారి మమ్మల్ని ఒకచోట కూర్చోబెట్టండి,
బోర్డూ బ్యానరూ వద్దు, ఒక చాప చాలు.

ఇంకొకటి.
మీ ఫారానికి వెనక పేజీ తెల్లగా ఉంటుంది.
గురుబారి కాగితం వెనక నేను రాసి ఇచ్చాను,
పచ్చసొన, ఎడమ చెప్పు, బల్బు.
మీ బీరువాలో ఎక్కడో ఉండుంటుంది.

ఈ బాబుది ఎవరు రాస్తారు?
అడగండి మేడమ్, వచ్చేలోగా అడగండి,
చీకటి పడితే వాడు ఏమంటాడో.