పదమూడు డిగ్రీలు

ఏనుమాముల కాడ మిర్చి కోల్డ్ స్టోరేజీల
నాలుగేండ్లు చలికి కాపలా ఉన్న.
ఎండిన మిరపకు ఎంత చలైనా ఒకటే.
తలుపు మూస్తే ఏడాదైనా
అదే ఎరుపు, అదే ఘాటు.
చలి అంటే దాచిపెట్టేదనుకున్న.
గంత తెలివితోనే
మామిడి సీజన్‌కు జగిత్యాల వచ్చిన.

మొదటి రాత్రే మీట నాలుగు డిగ్రీలకు తిప్పిన.
రెండు వందల ట్రేలు,
సారంగాపూర్ దిక్కు తోటల బంగినపల్లి,
పొద్దుగాల తెంపిన పచ్చికాయ.
మంచి పని చేసినోని లెక్క
దుప్పటి కప్పుకొని పడుకున్న.

పదిహేనో రోజు తలుపు తీస్తే
కుళ్లు లేదు. ఈగ లేదు.
వాసన సుత లేదు, అందుకే భయమైంది.
తోలు మీద బూడిద మచ్చలు,
ఎవరో గోటితోని నొక్కిపోయినట్టు గుంటలు.
బయటపెట్టి వారం చూసినం, పసుపెక్కలే.
కోస్తే లోపల తెల్లగ, సప్పగ.
మక్కలేదు. మురగలేదు.
ఏ దారీ పట్టక నడుమ నిలవడ్డది.

సావుకారి రాజలింగం ఒక్క మాటనలే.
లెక్క రాసిన కాగితం
నా దిక్కు తిప్పి పెట్టిండు.

బుచ్చవ్వ అప్పుడు గ్రేడింగ్ బల్ల కాడ ఉండె.
ముప్పై సీజన్ల సొన ఆమె వేళ్ల మీద
నల్లగ అచ్చువడ్డది, ఏ సబ్బుకూ పోదు.
ఒక కాయ తీసి చెంపకానిచ్చుకుంది,
పిల్లగాని జెరం చూసినట్టు.
"మిరప పీనుగ బిడ్డా, ఎట్ల కప్పినా పడుంటది.
ఇది తెంపినంక సుత ఊపిరి తీస్తది.
నువ్వు ముక్కు మూసినవ్.
నిదానం జెయ్యమన్నరు గని
సంపుమన్నరా?"

ఆ తర్వాత ఆమె నేర్పిందంతా
తిట్లల్ల కలిపి నేర్పింది.
ముచ్చిక మొదలుకంట విరవద్దు,
గోరంత ఉంచి కత్తిరించు.
తలకిందులు పెట్టి సొన కారనియ్యి, తొందరేంది,
నీకు బస్సుందా?
సొన అంటిన కాడ తోలు కాలుతది,
కాలిన కాడ బూజు కండ్లు తెరుస్తది.
యాభై రెండు డిగ్రీల నీళ్లు, ఐదే నిమిషాలు,
ఆ నీళ్లల్ల చెయ్యి పెట్టి చూసిన,
ఓర్సుకోలేక తీసిన. కాయ ఓర్సుకుంది.
ఫ్యాను కింద తడారినంకనే గదిల పెట్టాలె.
పదమూడు. అంతకు దిగద్దు.
ట్రేల ఒక్కటి మెత్తవడితే చాలు,
అది ఊదిన గాలికే
పక్కనున్నవన్ని తొందరవడుతయి.

మే నెలల ఒకనాడు గాలిదుమారం.
కరెంటు పోయింది, జనరేటర్ల డీజిల్ అడుగంటింది.
నేను తలుపు తీసి చూస్తనంటే
ఆమె గొళ్లానికి వీపానిచ్చి కూసుంది.
"చూస్తే చల్లగైతదా?
నువ్వు చూసినప్పుడల్ల ఇంత చలి
నీ ఎంబడే బయటికొస్తది."
తెల్లారెదాక మేమిద్దరం
మూసిన తలుపు దిక్కే చూసుకుంట కూసున్నం.
నాలుగున్నరకు మిషను మళ్ల గుర్రుమన్నది.
అప్పటికి పదిహేడు.
కాయకేం కాలే.
నాకే మూడు రోజులు బువ్వ సయించలే.

ఈ సీజన్‌కు బుచ్చవ్వ రాలే.
మోకాళ్లు నిలవడనిస్తలేవట.
లోపల పెట్టిన లాట్ల నించి ఒక్క కాయ తీసి
నా బల్ల మీద పెట్టుకున్న, బయటి ఎండకు, ఉడుకకు.
ఎనిమిదో రోజుకే అది పసుపెక్కి
ముచ్చిక చుట్టూ తేనె వాసన పట్టింది.
దాని తోటివి లోపల ఇంక పచ్చిగనే ఉన్నయి.
దాన్ని కోరుట్ల పోయే ఆటోల
బుచ్చవ్వకు పంపిన.
ఏం చెప్పి పంపాలెనో తెల్వక
ఏం చెప్పలే.

రిజిస్టర్ల గళ్లు మూడు: టైము, డిగ్రీలు, సంతకం.
నేను స్కేలు పెట్టి ఇంకో గీత కొట్టిన.
గిదేందని అడిగిండు రాజలింగం.
వాసనకు, అన్న.
ఆయన నవ్విండు గని కొట్టెయ్యలే.

రాత్రి రెండు. పదమూడు. నా సంతకం.
వాసన:
కోసిన పచ్చగడ్డి,
ఎక్కడనో ఒక మూలకు
కొంచెం తీపి.
లేచి ట్రేలు ఎతుకుతున్న.