నిషేధ కాలం

కర్నూలు రోడ్డులో ట్రాక్టర్ల షెడ్డు వెనక మా జిమ్ము.
బరువులు మేం కొనలేదు.
చీమకుర్తి క్వారీలో కోతకు పనికిరావని పారేసిన ముక్కలు,
నల్లరాయి, లోపల వెండి నలకలు,
డ్రిల్లు వేయించి, కొక్కేలు బిగించి,
సుద్దతో తూకం రాశాను:
ఇరవై రెండు. ముప్ఫై ఒకటి. నలభై ఎనిమిది.
నలభై ఎనిమిదికి ఒక మూల విరిగింది.
ఇప్పుడది నలభై ఏడూ ముప్పావు.
మార్చి రాయలేదు.

పామంజి మస్తానమ్మ
కొత్తపట్నం నుంచి మొదటి బస్సుకి వస్తుంది.
చేరిన రోజు అడిగాను, ఇంతకుముందు ఏమైనా చేశావా అని.
"ఏం చెయ్యలేద్సార్. వల లాగినా."

వల లాగిన వీపు అది.
లాగడం నేను నేర్పాల్సింది కాదు.
వదలడం నేర్పాలి.
పట్టు ఎక్కడ సడలిస్తే ఎదుటి మనిషి
తన బరువుకి తనే తూలుతుందో,
ఊపిరి ఎక్కడ విడిస్తే
మూడో రౌండుకి కాస్త మిగులుతుందో.

పన్నెండు వారాలు
ఇసుకలో ట్రాక్టర్ టైరు దొర్లించింది.
సమ్మెటతో ఆ టైరునే కొట్టింది.
రాయి ఎత్తింది, దించింది,
దించడం మాత్రం నెమ్మదిగా,
ఒళ్ళో నిద్రపోయిన పిల్లని చాపమీదికి దించినట్టు.
అయిదు నిమిషాలు పోరు, ఒక నిమిషం స్టూలు.
ఆ నిమిషంలో మణికట్టు పట్టుకుని లెక్కేసేవాణ్ణి,
గుండె ఎంత తొందరగా దిగొస్తుందో:
నూట ఎనభై
నూట యాభై రెండు
నూట ఇరవై ఎనిమిది.
మొదట్లో అది దిగేది కాదు.

పదమూడో వారం పుస్తకంలో రాశాను: సగం.
సగం రాళ్ళు, సగం రౌండ్లు. ఆదివారం ఏమీ లేదు.
ఆ పేజీని అప్పుపత్రం చూసినట్టు చూసింది.
"ఊరికే కూర్చుంటే ఒళ్ళు తుప్పు పట్టదా సార్?"
కండ రాయికింద పెరగదు, నిద్రలో పెరుగుతుందన్నాను.
నా కుడి మోకాలు చూపించాను,
ఇరవై ఆరేళ్ళప్పుడు ఎవరి మాటా వినని మోకాలు,
మెట్లు దిగుతుంటే అప్పడంలా చప్పుడు చేసే మోకాలు.
నవ్వింది.
వినలేదు.

మర్నాడు తెల్లారకముందే వాచ్‌మన్ సుబ్బరాయుడి ఫోను:
గోడ దూకిందట, చీకట్లో నలభై ఎనిమిదిని ఎత్తుతోందట.

నేను పోయేసరికి రాయిమీదే కూర్చుని ఉంది.
అరచేతిలో కాయ చిట్లి నెత్తురు.
తిట్టడానికే వచ్చాను, తిట్టు దొరకలేదు.
"మీ నాయన పడవెందుకు తియ్యలేదు ఈ నెల?"
"ఏంది సార్ అట్టా అడగతారు, నిషేధం గదా. అరవై ఒక్క రోజులు."
"ఎందుకంట?"
"చేప గుడ్లుబెట్టే కాలం. ఇప్పుడు లాగితే చిల్లర వస్తది, ఆగితే..."

ఆగింది.

సుద్ద అంటిన వేళ్ళతో నెత్తురు తుడుచుకుంది.
తర్వాత చాలాసేపటికి, నాతో కాదు, రాయితో అన్నట్టు:
ఆ రెండు నెలలూ నాయన వల బాగుచేస్తాడు,
పడవకి రంగేస్తాడు, అందరిమీదా కసురుకుంటాడు,
రోజూ చీకటితోనే లేచి
పోయి సముద్రాన్ని చూసొస్తాడు,
కాళ్ళు కూడా తడుపుకోకుండా.

రోహిణి కార్తె, ఆదివారం.
నమ్మకం చాలక కొత్తపట్నం వెళ్ళాను.
ఒడ్డుమీద బోర్లించిన పడవ, కొత్త నీలం రంగు.
దాని నీడలో మస్తానమ్మ, నోరు కొంచెం తెరిచి, గాఢంగా.
వాళ్ళ నాయన వల ఒళ్ళో పెట్టుకుని
నన్ను చూసి పెదాలమీద వేలేశాడు.
అరచేయి ఆకాశంవైపు తెరుచుకుని ఉంది,
పగులు చుట్టూ లేత చర్మం.

ఇంకా తొమ్మిది రోజులు. బెజవాడలో తూకం యాభై రెండు కేజీలు.
లెక్కపెట్టడానికి ఏదో ఒకటి కావాలి నాకు.
పుస్తకం తెరిచాను.
ఆ రోజుకి ఏం రాయాలో తెలీక
తారీఖు మాత్రం వేసి
ఇసుకలో కూర్చున్నాను.