మధ్యలో చూడకుండా

స్టుబాయ్ లోయ నుంచి ట్రామెక్కి వచ్చింది నోట్‌బుర్గా,
చేతిసంచీలో గుడ్డ చుట్టిన చీజ్ ముక్కతో.
ఇన్స్‌బ్రుక్‌లో మా ల్యాబ్ తలుపులు
ఏడాదికోసారి ఊరందరికీ తీసే రాత్రి అది.

తెర మీద నీలం చుక్క చూపించాను.
"ఒకే ఒక్క కాల్షియం అయాను.
గాలి తోడేసిన గదిలో, కరెంటు కంచె నడుమ,
దేన్నీ తాకకుండా నిలబడింది."
"కాల్షియమంటే, మా పాలల్లో ఉండేదా?"
"అదే."
ముప్ఫై ఏళ్ళుగా గంగాళాలకొద్దీ కాచినది
ఒంటరిగా కనబడటం ఇదే మొదలు.
కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూసింది.

మామూలుగా నేను నీళ్ళు నమిలేది ఇక్కడే.
ఈసారి మాటలు మాని చేసి చూపించాను.

దీనికి రెండు స్థితులు. నీలం కాంతితో అడిగితే
ఒకదాంట్లో వెలుగుతుంది, రెండోదాంట్లో వెలగదు.
ఎర్ర లేజరుతో ఒక సగం తట్టు తట్టి అడిగాను.
వెలిగింది. మళ్ళీ మొదట్నించీ. వెలగలేదు.
వెలగలేదు. వెలిగింది.
"బొమ్మా బొరుసూ," అంది, కాస్త నిరాశగా.

"సరే. రెండు సగం తట్లు, వెంటవెంటనే,
మధ్యలో అడగకుండా."
చీకటి.
చీకటి.
ఇరవైసార్లు చేశాం, ఇరవైసార్లూ చీకటే.
రెండో తట్టుని తిరగేసి తట్టాను,
అన్నీ వెలుగే.

నాణేన్ని రెండుసార్లు ఎగరేస్తే
ఈ నిశ్చయం ఎక్కణ్ణుంచి పుడుతుంది?

"చీకటికి దారులు రెండు, వెలుక్కి దారులు రెండు.
అలల్లాంటివి అవి. ఒకచోట ఒకదానికొకటి తోడవుతాయి,
ఇంకోచోట ఒకదాన్నొకటి మింగేస్తాయి.
మధ్యలో చూశామా,
మిగిలేది ఒక్క దారే. మింగడానికి రెండోది ఉండదు.
మళ్ళీ బొమ్మా బొరుసే."

"పాలు తోడుకునేటప్పుడు గిన్నె కదపం, అలాగా?"
"పోలిక బాగుంది. నిజం కాదు.
చూసినా చూడకపోయినా పాలు ఎంతో కొంత తోడుకునే ఉంటాయి.
దీనికి మధ్యలో ఏదో ఒకటిగా ఉండటమే లేదు."
"నిజం కాకపోయినా ఉంచుకుంటాను," అంది.

మరి కంప్యూటరో?
అరచేతిలో వైకుంఠం చూపేవాళ్ళకి కొదవ లేదు,
అన్ని జవాబులూ ఒక్కసారే వెతికేస్తుందంటారు.
కాదు.
ఇలాంటి చుక్కల్ని వరసగా పేర్చి,
తప్పు జవాబుల దారులు ఒకదాన్నొకటి మింగేలా
తట్లు కూర్చే ఓపిక అది.
అన్ని లెక్కలకీ ఆ కూర్పు దొరకదు.
దొరికిన కొన్నింటికీ చుక్కలింకా మాట వినవు.

చీజ్ నా బల్ల మీదే మర్చిపోయి వెళ్ళింది,
బహుశా మర్చిపోకుండానే.

తెల్లారగట్ల దారితప్పిన గాలి అణువేదో గుద్దేసి
ఆ చుక్క పోయింది.
కాల్షియం పొయ్యి వేడిచేసి ఇంకోదాన్ని పట్టాను.

సెప్టెంబరులో, ఆవులకి పూలకిరీటాలు పెట్టి
కొండ దించాక, ఫోన్ చేసింది.
నలభై ఆవుల్నీ గంట చప్పుడుతోనే
పేరుపేరునా పోల్చుకునే మనిషి.
"నా చుక్క ఉందా?"
"ఉంది," అన్నాను.

అబద్ధమాడలేదు నేను.
ఇది వేరు, అది వేరు అనడానికి
వాటి మెడల్లో
ఎవరూ గంటలు కట్టలేదు.