నడుమ లఘువు

మట్టెవాడల మోటార్ వైండింగ్ షాపు నాది.
పత్తి ఎండుతున్న రైతు గడపల నిలబడి చూస్తుంటడు,
నేను రాగి చుట్లు లెక్కపెడుతుంట.
ఒక్క చుట్టు తప్పితే
మోటారు ఊరికి పోయి మళ్ల కాలుతది.

ఓ మాపటేళ ఇన్నయ్య సారు టేబుల్ ఫ్యాను పట్టుకొచ్చిండు.
ఫాతిమానగరాయన. కాజీపేటల రైల్వే తంతి చేసి రిటైరయిండు.
ఫ్యాను బాగయ్యేదాక కూసోని
నా రేకు బల్ల మీద గోటితోటి ఏదో కొడుతున్నడు.
ఏంది సారూ అన్న.
నీ షాపు బోర్డు చదువుతున్న బిడ్డా అన్నడు.

పదిహేను రోజులకు
అదే బల్ల మీద పాత ఇత్తడి కీ,
చుక్కలు గీతలు రాసిన కాయితం.
ఎంత చూసినా బుర్రకెక్కలే.
ఇది కంటి చదువు కాదు, విను, అని
సారు కాయితం మడిచి జేబుల పెట్టుకున్నడు.

వింటే, ఇది నాకు తెల్సిందే.
పరకాల హైస్కూలు, తొమ్మిదో తరగతి,
సుభద్ర టీచర్ సుద్దముక్క:
నిలువు గీత లఘువు, వంకర గీత గురువు.
యమాతారాజభానస అప్పజెప్పలేదని
ఎండల నిలబెట్టింది నన్ను.
ఎందుకు పనికొస్తదో ఆమె చెప్పలే, నేను అడగలే.
ముప్పై ఏండ్లకు పనికొచ్చింది.

జగణం వినబడితే, అందింది అని.
నగణం, దాని వెనక ఒక గురువు, ఆ వెనక సగణం:
మన దేశం హాములందరికి అదే ఇంటిపేరు,
మన లెక్కనే, ఇంటిపేరు ముందు.
రగణం సంగతి తర్వాత చెప్త.
తేడా ఒక్కటే,
టీచర్ గురువుకు రెండు మాత్రలు, సారు గురువుకు మూడు.
దూరం పోవాలె గద, ఒక ముద్ద ఎక్కువ తిన్నది, అన్నడు.

డాబా మీద తీగ కట్టినం.
ఇటు పది మీటర్లు, అటు పది మీటర్లు, వైండింగ్ రాగి.
ఖాళీగనే ఉన్నది గద అని
పక్కింటి సాయవ్వ తడి చద్దరు ఆరేసింది.
ఆ పొద్దంత ఎవలూ వినబడలే.

లైసెన్సు లేక మాట్లాడొద్దు. వినుడే.
ఎనుమాములకు మిర్చి లారీలు పోయే పొద్దుగాల
నిర్మల్‌ల ఒకాయన ఇంకొకాయనకు
వాన సంగతి చెప్తుంటే
పిలువని పేరంటం లెక్క బయట నిలబడి
ఆరు నెలలు చెవులతోనే బతికిన.

కరెంటు పాఠం నాకు కొత్త కాదు,
షాకులు తిని నేర్చినదే.
తిప్పలు పెట్టింది చట్టం:
వ్యాపారం మాట్లాడొద్దు, పాటలు వెయ్యొద్దు,
రాజకీయం అసలే వద్దు.
మరి ఏం మాట్లాడుకుంటరే, అన్నడు మా ఆయన.
నువ్వు నాకు వినబడుతున్నవు, అని చెప్పుకుంటరు, అన్న.
ఆయన చాయ్ తాగుడు ఆపి నా దిక్కు చూసిండు.

హైదరాబాద్ పరీక్షల మొదటిసారి మోర్సు పోయింది.
నిమిషానికి ఎనిమిది మాటలు.
జారిన ఒక్క అక్షరం కోసం ఆగిన,
ఆగిన కాడ ఇంక ఏడు పోయినయి.
సారు తిట్టలే.
మా నాయిన చావు కబురు నా చేతి మీదనే వచ్చింది,
ఆఖరి అక్షరం దాక రాసి
అప్పుడు లేచిన కుర్చీల నుంచి, అన్నడు.

రెండోసారి పాసయిన.
తర్వాత ఎంక్వయిరీకి పోలీసాయన వచ్చి
డాబా ఎక్కి తీగను చూసి,
మా బాయి మోటారు కూడ జర చూస్తవా అక్కా, అని అడిగిండు.

లైసెన్సు వచ్చిన ఆదివారం
సారు చర్చి నుంచి నేరుగ వచ్చిండు.
షట్టర్ సగం దించి పిలిచిన.
ఏం లేదు. నూనెల పకోడీ వేగినట్టు చప్పుడు.
మళ్ల పిలిచిన.
ఆ చప్పుడు లోపల్నుంచి సన్నగ నా కాల్‌సైన్,
అక్షరం అక్షరం, వేరే చేతితోటి,
చివరకు ఒక రగణం.
రగణమంటే, ఇగ నువ్వు చెప్పు అని.

చెయ్యి లేస్తలేదు.
ఆరు నెలలు విన్న మనిషికి
మాట యాడుంటదో యాదికొస్తలేదు.

సారు నా మొఖం చూడలే.
రేకు బల్ల మీద గోటితోటి కొట్టిండు,
గురువు, లఘువు, గురువు.
కొంచెం ఆగి
మళ్ల కొట్టిండు.