పెట్టుడు వాసన

తెల్లారగట్ల ఐదు కొట్టకముందే
గడియారం కాడ బండి దిగుత.
భుజానికి మీటరు, సంచిల సబ్బు నీళ్ల సీసా,
జేబుల నాలుగు మడతల పటం,
అందుల రోడ్లు నల్లగ, మా పైపులు పచ్చగ.
నేను నడిచేది పచ్చ గీత మీద.

రామగిరి, ప్రకాశంబజారు, పానగల్లు దిక్కు పోయే తొవ్వ.
నల్లగొండ ఇంకా ముసుగు తియ్యదు.
పొడుగు కడ్డీ ముక్కును నేలకు ఆనించుకుంట
ముక్కుపుల్ల పోగొట్టుకున్నదాని లెక్క నడుస్త.
మొదట్ల కుక్కలు మొరిగేటియి,
ఇప్పుడు అవి గూడ నాతోటి మూతి చూసుకుంట వస్తయి.

"ఏం పోయింది చెల్లె?" అంటడు
పాల ప్యాకెట్లేసే చెన్నకేశవులు.
"ఏం పోలే అన్నా, పోతున్నదేమో చూస్తున్న."

ఒక ముచ్చట చెప్పాలె.
గ్యాసుకు వాసన ఉండదు.
ట్రైనింగుల చెప్పిన్నాడు నేనే నమ్మలే.
రంగు లేదు, అడుగుల సప్పుడు లేదు,
ఇంట్లకొచ్చి మంచం పక్కన నిలబడ్డా తెల్వది.
ఆ మురిగిన కోడిగుడ్ల కంపు మనం కలిపిందే.
ఎవరో, ఎక్కడనో కూసోని,
చుక్క చుక్క లెక్కపెట్టి
దొంగ కాళ్లకు గజ్జెలు కట్టినట్టు
పెట్టిండ్రు.
పెట్టుడు పండ్ల లెక్క, పెట్టుడు వాసన.

నిరుడు వానకాలం
గౌసియా బేగం ఇంటి ముంగట
మీటరు ఒక్కసారే కూసింది.
తొంభై. నూరు. నూట ఇర్వై.
ఆమె మోరీ కంపనుకున్నదట.
మూడు దినాలసంది ఆ కంపు మీద
ఊదుబత్తులు ముట్టిస్తున్నదట!
చేతులకెళ్లి అగ్గిపెట్టె గుంజుకున్న,
దొంగదాన్ననుకొని వాడంత లేచేటట్టు అరిసింది.
బుగ్గ స్విచ్చు ముట్టనియ్యలే,
తలుపులు బార్లా తెరిపించిన,
ముత్తిలింగం ఉరికొచ్చి వాల్వు కట్టేలోపు
పైపు అతుకు మీద సబ్బు నీళ్లు పోసిన.

ఒక బుడగ.
పసిపిల్ల పెదవి మీద చొంగ తీరు
మెల్లగ, ముద్దుగ ఉబ్బింది.
ఇంకోటి.
ఇంటి పైకప్పు లేపేటిది
గోరంతయి, నా కండ్ల ముంగట పగిలి
తడి చుక్కయింది.

పొయ్యి ముట్టియ్యొద్దు గద,
గౌసియా బేగం పక్కింట్లకెళ్లి చాయ్ తెచ్చిచ్చింది.
చక్కెర ఎక్కువైంది. మొత్తం తాగిన.

ఆ రాత్రి నాయినకు ఇదంత చెప్పిన.
మాది మర్రిగూడ దిక్కు.
మా బోరింగు నీళ్లు అద్దమోలె ఉండేటియి.
ఎండల పడి వచ్చినోళ్లు
దోసిలి పట్టి, గుటక గుటకకు
అబ్బా అనుకుంట తాగేటోళ్లు.
నలభై ఏండ్లకే నాయిన మెడ తిరగలే.
ఎన్కకెళ్లి పిలిస్తే
తలుపు తిరిగినట్టు మనిషి మొత్తం తిరుగుతడు.
నా పండ్ల మీద గూడ ఆ నీళ్ల గార గీతలున్నయి,
అందుకే నవ్వితే చెయ్యి అడ్డం పెట్టుకుంట.

ఆ నీళ్లకు ఎవ్వరు కంపు పెట్టలే.
పెట్టి ఉంటే
మా నాయినమ్మ ముక్కు మూసుకొని, తిట్టుకుంట
బిందె అక్కడనే ఒంపేసి వచ్చేది.

నాయిన శానసేపు ఏం మాట్లాడలే.
"నీ మిషిని నీళ్లల్ల పెడితే కూస్తదా?"
"కూయది నాయినా. అది గాలికే."
"ఊఁ" అన్నడు.
గోడ దిక్కు తిరగనీకె
ముందుగాల భుజం, తర్వాత నడుము,
ఆఖరికి మోకాళ్లు జరిపిండు.
లేసి దుప్పటి సర్దిన.

పొద్దుగాల హైదరాబాదు రోడ్డు.
పదకొండు వాల్వులు.
సీసాల సబ్బు నీళ్లు కలుపుకోవాలె.