దక్షిణం హద్దు

ఉప్పల్ రిజిస్ట్రారాఫీసు ఎదురుగ
జిరాక్సు దుకాణం గొడుగు కింద
ముప్పై యేండ్లుగ హద్దులు రాసినోణ్ణి.

తూర్పు: ఇరవై ఫీట్ల బాట.
పడమర: బాలకిషన్ గారి రేకుల షెడ్డు.
ఉత్తరం: మోరీ.
దక్షిణం: సబ్బుల కంపెనీ గోడ.

మనుషులతోటి, గోడలతోటి
భూమిని నాలుగు దిక్కుల కట్టేసెటోణ్ణి.

ఇప్పుడు చట్టం మారింది.
పటం లేనిదే పని కాదంటున్నరు.
సర్వేయరు పిల్లగాడు మూడుకాళ్ల డబ్బా నిలబెట్టి
ఆకాశాన్ని అడిగి అంకెలు తెచ్చిండు.
పోయిన నెల నింపిన ఫారం ఈ నెల చెల్లదు.
కొత్త జీవో వాట్సాప్‌ల వచ్చింది,
చదివేలోపు దానికి సవరణొచ్చింది.

ఖైరున్నీసమ్మ పిండిగిర్నీ కాయితం పట్టుకొచ్చింది.
చేతుల మీద ఇంకా జొన్నపిండి.
"సబ్బుల కంపెనీ పోయి అపార్ట్‌మెంట్ లేచె గద,
ఇప్పుడు నాకు దక్షిణాన ఎవరు భయ్యా?"

అంకెలు చదివిన.
ఆమె వేళ్లమీద లెక్కవెట్టింది, విడిచిపెట్టింది.

మంచిదే కావచ్చు.
షెడ్డును మూడు గజాలు ఇటు జరిపి
"హద్దు షెడ్డే గద" అన్నడు బాలకిషన్.
సాక్ష్యం నా రాతనే.
పదకొండేండ్లు కోర్టు.
అంకె జరగదంటరు.
అంకె వేసేటోడి సంగతి నన్నడగొద్దు.

సంతకం పెట్టినంక అన్నది:
"పొద్దుగూకితె ఆ గోడ అవతల్నించి
సబ్బు వాసనొచ్చేది.
అది ఎక్కడ రాస్తవ్?"

కొత్త ఫారంల గడి లేదు.
పాత పెన్ను జేబుల్నే ఉంది.
రశీదు వెనక రాసిచ్చిన,
దక్షిణం: సబ్బు వాసన.

స్టాంపు లేదు. చెల్లదు.
మడిచి, గిర్నీ పైసల సంచిల పెట్టుకుంది.