టిక్కీలోంచి పిడికెడు

రాత్రి రెండున్నర. గుంటూరు పెద్దాసుపత్రి, పిల్లల వార్డు.
పదకొండో మంచం మీద ఇద్దరు,
కిటికీ వైపు వాడు ఖాజావలి.
రెండేళ్లు. జ్వరం నూటమూడు.
ఏటుకూరు రోడ్డు మీద ఆటోలో
కళ్లు తేలేసి కొట్టుకున్నాడట.
మూడు నిమిషాలట,
టైము చూసింది ఆటోవాడు.

ఇప్పుడు నిద్రపోతున్నాడు.
గుప్పిట్లో ఇంకా ఇనుప తాళంచెవి.
నాయనమ్మ పెట్టింది.
తీస్తే మళ్ళీ వస్తుందేమోనని ఎవరూ తీయలేదు.
నేనూ తీయలేదు.

మస్తాన్‌బీ మిర్చియార్డులో తాలుకాయలు ఏరుతుంది.
ఎంత కడిగినా చేతుల ఘాటు పోదని
బిడ్డను మోచేత్తో నిమురుతోంది.
"మళ్ళీ వస్తదా డాక్టరమ్మా?"

ఈ ప్రశ్నకు నా దగ్గర జవాబుంది.
ఏ ఒక్కరో చెప్పిన మాట కాదు.
ఎక్కడెక్కడి వార్డుల్లోనో
వేలమంది పిల్లల్ని ఏళ్ల తరబడి కనిపెట్టుకునుండి
ఎవరికొచ్చింది, ఎవరికి రాలేదని
గీతలు గీసి తేల్చిన లెక్క.
"ఇంచుమించు ముగ్గురిలో ఒకరికి వస్తుంది.
ఇద్దరికి రాదు."

ఆమె మూడు వేళ్లు మడిచింది. విప్పింది.
"మావాడు ఆ ఒక్కడా,
ఇద్దర్లోవాడా?"

పక్క మంచం సెలైన్ బొట్లు బొట్లుగా దిగుతోంది.
"తెలీదమ్మా" అన్నాను.
కోప్పడుతుందనుకున్నాను.

"యార్డులోనూ అంతేలే.
షావుకారు టిక్కీ కోసి పిడికెడు తీస్తాడు,
విరిచి చూస్తాడు, వాసన చూస్తాడు,
టిక్కీ మొత్తానికీ రేటు కడతాడు.
చాలామట్టుకు తప్పడు.
అడుగునున్న కాయ సంగతి మాత్రం
ఎవరికి తెలుసు?"

ఆ పిడికెట్లో ఉన్నవన్నీ చెప్పాను:
వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టు.
నోట్లో చెంచా పెట్టకు, నీళ్లు పోయకు.
ఫోన్లో టైము చూడు, ఐదు నిమిషాలు దాటితే పరుగున రా.

తలూపింది. చాలాసేపటికి,
అసలు అడగాలనుకున్నది అడిగింది:
"యార్డులో లేటైంది. సిరప్ పోయలేదు.
సందేళే పోసుంటే?"

"ఆ మందు జ్వరానికే.
ఫిట్సు రాకుండా ఆపుతుందని గట్టిగా ఎక్కడా తేలలేదు.
నీ వల్ల కాదు."

మరిచిపోయి అరచేత్తోనే కళ్లు తుడుచుకుంది.
మిర్చి మంట.
ఇక ఎంతసేపు కారినా
మంటదేనని చెప్పుకోవచ్చు.

తెల్లారగట్ల వాడి గుప్పిటి వదులైంది.
తాళంచెవి ఠంగుమని కింద పడింది.
ఆమె లేచింది.
వార్డు చివర్నుంచి నేనూ వచ్చేశాను.
ఇద్దరం ఊపిరి బిగబట్టి చూస్తున్నాం.

వాడు పక్కకు తిరిగి పడుకున్నాడు.